చినతిప్పలో కావడి గెలిచింది

చినతిప్ప,
9-1-1995.

చిరంజీవి తమ్ముడు వెంకటపతికి అక్క రత్నమ్మ దీవెనలు.

ఇక్కడ మీ బావ, నేను బాగానే ఉన్నాం. బాగోలేనిదల్లా మన దిబ్బ. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. సగం చదివి బల్ల మీద పడేసి టీకి వెళ్ళిపోకు.

రొయ్యల చెరువుల ఆదినారాయణ నీకు గుర్తే కదా. అతని చెరువులు ఇప్పుడు మన పాలెం పడమటి పక్క దాకా వచ్చేశాయి. ఇంకో ఎనభై ఎకరాలు తవ్విస్తాడట. గట్లకి మెరక మట్టి కావాలట. అది మన దిబ్బ నుంచి తోలుకుంటానని మండల పరిషత్తుకి అర్జీ పెట్టాడు. ఎవరికీ పనికిరాని పోరంబోకు దిబ్బ అని అందులో రాశాడు. ఉప్పెన నాడు ఈ పాలెంలో మిగిలిన నూట పన్నెండు మందీ ఆ దిబ్బెక్కి మిగిలినవాళ్ళే. నువ్వూ నేనూ అందులో ఉన్నాం. అమ్మా నాన్నా ఎక్కలేకపోయారు. పదిహేడేళ్ళయింది కాబట్టి సముద్రం ఇక రాదని ఆ పెద్దమనిషికి ఎవరు కాగితం రాసిచ్చారో నాకు తెలియదు.

మండల ఎన్నికలు మార్చిలో అంటున్నారు. మన ఎంపీటీసీ స్థానం ఈసారి ఆడవాళ్ళకి వచ్చింది. ఇక్కడి సభ్యురాలు అడ్డం తిరిగితే అలాంటి తీర్మానం ముందుకి కదలదని మండలాఫీసు గుమాస్తా చెప్పాడు. అందుకని నేను నిలబడదామనుకుంటున్నాను. మీ బావని అడిగితే వల బాగుచేసుకుంటూ తల ఊపాడు. ఊపింది నాకో, వలకో తెలియలేదు గాని, కాదనలేదు కదా.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. మీ అధ్యక్షుడు కాంతారావు గారికి చెప్పి పార్టీ టికెట్టు ఇప్పించు. నాలుగు పాలేల స్థానంలో ఒక్క చినతిప్పని నమ్ముకుని గెలుస్తామా అని ఆయన సందేహిస్తే ఇలా చెప్పు. ఉప్పెన అయిన ఆరో రోజున మోకాలి లోతు బురదలో బియ్యం కావడి భుజాన వేసుకుని వచ్చింది ఆయన. శవాలు మోసింది ఆయన. ఆయన పార్టీ గుర్తు కూడా కావడే అని తెలిశాక ఇక్కడివాళ్ళు ఇంకో గుర్తు ముఖం చూడలేదు. పేరు ఎవరూ చదవరు, చదవడం వచ్చినవాళ్ళు ఎందరున్నారు గనక. కావడి పక్కన గడ్డిబొమ్మని నిలబెట్టినా ముద్ర అక్కడే పడుతుంది. అలాంటిది మనిషినే నిలబెడితే, అందులో నన్ను నిలబెడితే వేరే చెప్పాలా? మిగతా మూడు పాలేల్లో కూడా నా చేపల గంప దిగని గుమ్మం లేదు.

ఎండు నెత్తళ్ళు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. మరదలు రాజకుమారికి ఆ వాసన గిట్టదని తెలుసు. పట్నం నీళ్ళు పడితే సముద్రం కంపు కొడుతుంది కాబోలు. నువ్వే వండుకుని తిను.

ఉంటాను,
అక్క రత్నమ్మ.

—

గుడివాడ,
18-1-1995.

అక్కకి, బావ గారికి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నెత్తళ్ళూ అందాయి. రాజకుమారి ముక్కు మూసుకుని వండి, ముక్కు వదిలి తిన్నది. ఆ మాట నీకు రాయొద్దన్నది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మన శ్రామిక దళ్ పార్టీ రాష్ట్ర శాఖ అంటే హైదరాబాదులో పెద్ద భవనం అనుకుంటారు జనం. అక్కడ ఉన్నది బోర్డు. అసలు ఆఫీసు కాంతారావు గారి మేడ మీది ఈ గది, ఒక బీరువా, ఒక టైపు మిషను, నేను. ఢిల్లీ వాళ్ళు బోర్డుకి రాసిన ఉత్తరం బోర్డు దగ్గర్నించి నా దగ్గరికి రావడానికి పదకొండు రోజులు పడుతుంది. మొన్న అలాగే ఒకటి వచ్చింది. మే నెలలో జాతీయ మహాసభ ఉన్నదట. అప్పటికి ఏ రాష్ట్ర శాఖ అయితే గెలిచిన సభ్యుణ్ణి ఒక్కణ్ణైనా చూపించలేదో దాన్ని రద్దు చేస్తారట. మనకి శాసనసభలో ఎవరూ లేరు, ఆ సంగతి నీకు తెలుసు. ఈ మండల ఎన్నికలే మిగిలాయి. కాంతారావు గారికి ఆకలి మందగించింది.

నీ ఉత్తరం కార్యవర్గంలో చదివి వినిపించాను. నలభై ఒక్క మందిలో తొమ్మిది మంది వచ్చారు. ఉప్పెన మాట చదువుతున్నప్పుడు ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. గడ్డిబొమ్మ మాట దగ్గర అందరూ నవ్వారు. కాంతారావు గారు నవ్వలేదు. ఆ వాక్యం ఇంకోసారి చదవమన్నారు. మీ అక్కలాంటివాళ్ళు పది మంది ఉంటే పార్టీ ఇలా ఉండేది కాదు అన్నారు. నాకు ఛాతీ ఉప్పొంగింది. టికెట్టు నీదే అనుకో.

ఆయన ఎప్పుడూ బందరనీ బెజవాడనీ తిరుగుతుంటారు కనక సంతకానికి రబ్బరు స్టాంపు చేయించాం. సభ్యత్వ కార్డు, సర్క్యులరు, సంతాప తీర్మానం, అన్నిటి మీదా ఆ సంతకం వేసేది నేనే. పార్టీ అధ్యక్షుడు మా ఆయన సొరుగులో ఉంటాడని రాజకుమారి ఇరుగుపొరుగుతో చెబుతుంది. నాకు లోపల కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఇట్లు,
తమ్ముడు వెంకటపతి.

—

చినతిప్ప,
7-2-1995.

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని పాలెం అంతా చదివి వినిపించాను. కాంతారావు గారి మాట దగ్గర ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నామినేషను వేసేశాను. ఇక పార్టీ వాళ్ళు ఇచ్చే బీ ఫారం వస్తే చాలు, కావడి మనదని ప్రభుత్వం కూడా ఒప్పుకుంటుంది.

గోడలన్నీ మేమే రాసుకున్నాం. సున్నంలో నీలిమందు కలిపి నాలుగు పాలేల్లోనూ నూట అరవై కావళ్ళు వేశాం. నా చేతికి పడ్డ బొబ్బలు చూసి మీ బావ ఆముదం రాశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇది రెండోసారి. నాంచారమ్మ పెద్దమ్మకి చూపు బాగా తగ్గింది. బ్యాలెట్టు కాగితం మీద కావడి ఎక్కడుందో కనిపించదేమోనని బెంగ పెట్టుకున్నది. బొగ్గుతో అట్ట మీద పెద్దగా గీసి, దాన్ని చూపిస్తూ రోజూ పొద్దున్నే అలవాటు చేస్తున్నాను. ఆ ముసలిది పాఠం అప్పజెప్పినట్టు అప్పజెబుతోంది.

ఆదినారాయణ మా ఇంటికి వచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు. దిబ్బ పోతే పోయింది, తుఫాను షెల్టరు ఉన్నది కదా రత్నమ్మ గారూ, ఎందుకు ఈ పట్టుదల అన్నాడు. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందని అడిగాను. అందులో అతని రొయ్యల మేత బస్తాలున్నాయి, తాళం అతని పాలేరు మొలతాడుకి ఉన్నది. సముద్రం వచ్చేటప్పుడు పాలేరు ఊళ్ళో ఉంటాడో లేదో కనుక్కుని చెప్పమన్నాను. లేచి వెళ్ళిపోయాడు.

అతని భార్య విజయకుమారి చేత కూడా నామినేషను వేయించాడు. ఏ పార్టీ అంటే నవ్వి ఊరుకుంటున్నారు. అతని జీపు రెండుసార్లు గుడివాడలో కనపడిందని కండక్టరు అన్నాడు. రొయ్యలు అమ్ముకోవడానికి వచ్చి ఉంటాడు. నీకు కనిపిస్తే మా అక్క చేతిలో ఓడిపోతున్నావటగా అని పలకరించు.

బీ ఫారం త్వరగా పంపు. ఉపసంహరణకి ఆఖరి రోజు ఇరవై రెండో తారీకు, మధ్యాహ్నం మూడు గంటల్లోపల ఇవ్వాలట.

అక్క.

—

గుడివాడ,
15-2-1995.

అక్కకి నమస్కారాలు.

బీ ఫారం దీనితో పంపుతున్నాను. కవరు అంటించి ఉన్నది. విప్పి నలుగురికీ చూపించకు, చేతులు మారితే నలిగిపోతుంది. ముందుగా ఇస్తే అవతలివాళ్ళు ఏదో ఒక వంక వెతుకుతారు. ఇరవై రెండో తారీకు రెండున్నర దాటాక నువ్వే స్వయంగా ఎన్నికల అధికారి చేతికి ఇవ్వు.

నాకు పది రోజులుగా కడుపులో మంట. డాక్టరు కారం మానమన్నాడు. రాజకుమారి చప్పిడి కూరలు చేసిపెడుతోంది, మాట్లాడవేమని సణుగుతోంది. ఎన్నికల పని అని చెప్పాను.

ఒక్క మాట అక్కా. దిబ్బ గురించి మరీ అంత మంకుపట్టు వద్దేమో. ఇప్పుడు రేడియోలో మూడు రోజుల ముందే చెబుతున్నారు. బస్సులు పంపుతున్నారు. కాలం మారింది. ఒకవేళ గెలిచినా ఓడినా మనసుకి పెట్టుకోకు. బావ గారిని అడిగానని చెప్పు.

వెంకటపతి.

—

చినతిప్ప,
24-2-1995.

తమ్ముడు వెంకటపతికి,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నువ్వు చెప్పినట్టే ఇరవై రెండున మండలాఫీసులో రెండున్నర దాటాక కవరు అధికారి చేతికి ఇచ్చాను. నా వెనక పాలెం నుంచి ముప్పై మంది ఆడవాళ్ళున్నారు. ఆయన కవరు విప్పి, కాగితం వెలుగుకి పట్టి చూసి, వేలితో సంతకం మీద రుద్దాడు. ఇది సిరా సంతకం కాదమ్మా, రబ్బరు స్టాంపు, చెల్లదు అన్నాడు. అధ్యక్షుడు స్వయంగా సిరాతో పెట్టాలని రూలుందట. పోనీ రేపు పెట్టించుకొస్తానన్నాను. గోడ గడియారం చూపించాడు. మూడుకి పది నిమిషాలుంది.

అంతలో విజయకుమారి ముందుకొచ్చి ఒక కవరు ఇచ్చింది. ఆయన విప్పి చదివాడు. శ్రామిక దళ్ బీ ఫారం. కాంతారావు సిరా సంతకం. కావడి గుర్తు ఆవిడకి ఇచ్చేశారు. నన్ను వెంకటరత్నమ్మ, స్వతంత్ర అభ్యర్థి అని రాసుకుని, మిగిలిన బొమ్మల్లోంచి కుట్టు మిషను చేతిలో పెట్టారు. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

బయటికొచ్చాక ఆడవాళ్ళు నిన్ను తిట్టబోయారు. మీ తమ్ముడే కదా పంపిందీ అన్నారు. నేను నోరు మూయించాను. వాడికి అన్నిటి మీదా ఆ స్టాంపే వేసే అలవాటు, అలవాటులో దీని మీదా వేశాడు, ఆ కాంతారావు మా వాడి వెనకనుంచి ఈ ద్రోహం చేశాడు అన్నాను. నిజం కూడా అంతే. శవాలు మోసిన చేతులతో ఆ సంతకం పెట్టాడు. ఇక వాణ్ణి గారు అనడం నావల్ల కాదు.

నువ్వు బాధపడకు. నీ కడుపు మంట సంగతి నాకు తెలుసు, చిన్నప్పటినుంచీ తప్పు జరిగితే అన్నం మానేస్తావు. మానొద్దు. అయితే ఒక పని చెయ్యి. విజయకుమారి ఫారం ఎప్పుడు తయారైంది, ఎవరు రాశారు, కనుక్కుని నాకు రాయి. బందరులో వకీలు వెంకట్రామయ్య గారు ఉన్నారు, ఎన్నికల తరవాత కోర్టుకి వెళ్ళొచ్చన్నారు.

నేను తప్పుకోను. పోలింగుకి పదమూడు రోజులుంది. కావడికి వెయ్యొద్దని నాలుగు పాలేలూ తిరిగి చెబుతాను. నూట అరవై గోడల మీద నేనే వేసినవాటిని ఎవరు చెరుపుతారు అని అడక్కు. నేనే.

అక్క రత్నమ్మ.

—

గుడివాడ,
2-3-1995.

అక్కకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. నువ్వు అనుకున్నది నిజమే, స్టాంపు అలవాటులో పడిపోయింది. నన్ను క్షమించు. పెద్దల మనసులో ఏముందో మాలాంటి గుమాస్తాలకి తెలియదు. రెండో ఫారం సంగతి వాకబు చేయడం ఇప్పుడు మంచిది కాదు, ఇక్కడ అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి.

నా సలహా అడిగితే నువ్వు ప్రచారం ఆపేసి ఇంట్లో కూర్చో. గోడలు చెరపడం, గుర్తుకి వ్యతిరేకంగా మాట్లాడటం పార్టీ నిబంధనల ప్రకారం పెద్ద తప్పు కిందికి వస్తుంది. నువ్వు మండల మహిళా శాఖ అధ్యక్షురాలివి కూడా. కోర్టు మాట తలపెట్టకు. బందరు వకీళ్ళు వాయిదాల మీద బతుకుతారు.

అన్నం తింటున్నాను.

వెంకటపతి.

—

చినతిప్ప,
21-3-1995.

తమ్ముడు వెంకటపతికి,

ఫలితం పేపర్లో చూసే ఉంటావు. చినతిప్పలో కావడి గెలిచింది.

పదమూడు రోజులు తిరిగాను. గొంతు పోయింది. సున్నం బకెట్టు పట్టుకుని నేను ఒక గోడ చెరుపుతుంటే ఆదినారాయణ మనుషులు వెనకే వచ్చి ఇంకో గోడ మీద వేశారు. అంతటితో ఊరుకోలేదు. రత్నమ్మ ఇప్పటికీ కావడే, కుట్టు మిషను అనేది ఓట్లు చీల్చడానికి ఎవరో పుట్టించిన మాట అని ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పారు. నేను ఒక ఇంట్లో చెప్పి వచ్చేసరికి వాళ్ళు నాలుగిళ్ళలో చెప్పారు. కుర్రవాళ్ళకి అర్థమైంది, వాళ్ళు నాకే వేశారు. పెద్దవాళ్ళు తల ఊపి, లోపలికి వెళ్ళి, పదిహేడేళ్ళుగా వేస్తున్నచోటే వేసి వచ్చారు.

నాంచారమ్మ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పోలింగుకి వచ్చింది. దారంతా చెప్పాను, కుట్టు మిషను, కుట్టు మిషను అని. బయటికి వచ్చి నా బుగ్గలు పుణికింది. "అమ్మీ, ఎవరెన్ని చెప్పినా నేను మోసపోలేదే. కావడి మీదే గుద్దొచ్చాను" అన్నది. నేను తీసుకొచ్చి ఇంటి దగ్గర దింపాను.

లెక్కింపు రోజు నేను అక్కడే ఉన్నాను. మన పాలెం పెట్టెలో కాగితం తరవాత కాగితం కావడే. అధికారి కాగితం ఎత్తి చూపిస్తుంటే అది నేను నేర్పిన ముద్ర అని నాకు తెలుస్తూనే ఉన్నది. విజయకుమారి ఈ పాలెంలో ఒక్కరోజు కూడా అడుగు పెట్టలేదు. ఇక్కడ ఆవిడకి ప్రచారం చేసింది నేను.

ఇప్పుడు అసలు మాట. వకీలు గారు రెండు ఫారాల నకళ్ళు తెప్పించారు. పక్కపక్కన పెట్టి చూపించారు. విజయకుమారి ఫారం మీద పేరు, ఊరు, తారీకు రాసింది చేతి రాత. ఆ చెయ్యి నేను పట్టుకుని పలక మీద దిద్దించిన చెయ్యి. తారీకు ఫిబ్రవరి పది. నా ఫారం నువ్వు పంపింది పదిహేనున.

వకీలు గారు ఎవరి రాత అని అడిగారు. తెలియదన్నాను. అమ్మానాన్నలు పోయాక నేను ఆడిన మొదటి అబద్ధం కాదు గాని, ఇంత కష్టంగా ఎప్పుడూ ఆడలేదు. ఎవరో నీ రాతని అచ్చం దించారని రాయి. నిన్ను గదిలో పెట్టి బలవంతాన రాయించారని రాయి. ఏదో ఒకటి రాయి, నమ్ముతాను.

ఆ మాటే కోర్టులో కూడా వచ్చి చెబితే ఎన్నిక కొట్టేస్తారు, దిబ్బ మిగులుతుంది. ఒక్క రోజు వచ్చి చెప్పు చాలు.

అక్క.

—

గుడివాడ,
6-4-1995.

అక్కకి,

ఆ రాత నాదే. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

జనవరిలో నీ ఉత్తరం కార్యవర్గంలో చదివిన రోజునే ఆయన నన్ను ఆగమన్నారు. గడ్డిబొమ్మని పెట్టినా గెలుస్తుందని మీ అక్కే రాసింది కదా అన్నారు. చినతిప్ప ఓట్లు గుర్తుకి ఎలాగూ వస్తాయి, మిగతా మూడు పాలేలూ ఆదినారాయణ తెస్తాడు, రెండూ కలిస్తే సీటు ఖాయం. మీ అక్క అయితే అనుమానం. మే నెలకి అనుమానాలు తీసుకుని ఢిల్లీ వెళ్ళలేను అన్నారు. నీకు ముందే కాదంటే నువ్వు కావడిని పాలెంలో బతకనివ్వవని ఆయనకి తెలుసు. అందుకే నీ చేత ప్రచారం చేయించి, ఆఖరి గంటలో చెల్లకుండా చెయ్యాలన్నారు. స్టాంపు ఆలోచన మాత్రం ఆయనది కాదు. ఏం చేస్తే చెల్లదు అని నన్ను అడిగారు. నేను చెప్పాను.

కాదనలేదా అంటావు. ఒకసారి అన్నాను. రెండోసారి అనలేదు.

పద్నాలుగేళ్ళుగా నేను ఈ గదిలో ఉన్నాను. ఆయన మాట్లాడితే రాష్ట్ర శాఖ ప్రకటన అంటారు, అది రాసేది నేను. గుడివాడలో నన్ను సెక్రటరీ గారు అంటారు. శాఖ రద్దయితే నేను మళ్ళీ ఎవరినీ కాను. పార్టీ బతికి ఉంటే ఏనాటికైనా మన పాలేనికి మేలు చేస్తుందని కూడా అనుకున్నాను. అది అబద్ధం కాదు. ఢిల్లీ నుంచి అభినందన వచ్చింది, మన శాఖ నిలబడింది. రాష్ట్రం మొత్తం మీద మనం గెలిచింది ఆ ఒక్క చోటే.

దీనితో ఒక నోటీసు ఉన్నది. అధికార అభ్యర్థి మీద పోటీ చేసినందుకు నిన్ను ఆరేళ్ళు బహిష్కరిస్తున్నారు. అది రాయవలసిందీ నేనే. భాష మెత్తగా ఉండేటట్టు చూశాను. పశ్చాత్తాపం తెలుపుతూ రెండు ముక్కలు రాస్తే మూడేళ్ళకి తగ్గిస్తామన్నారు.

కోర్టుకి రాలేను. వస్తే ఇక్కడ ఉండలేను. పాలెంలో నా పేరు బయటికి రానివ్వకు. ఒక్కటి అడుగుతున్నాను, నిన్ను తప్ప ఎవరినీ అడగలేను.

నీ తమ్ముడు,
వెంకటపతి.

—

చినతిప్ప,
4-6-1995.

వెంకటపతికి,

రెండు నెలలు జవాబు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా తిట్లే వచ్చాయి, అవి రాసి చింపేశాను. ఇప్పుడు తిట్లు అయిపోయాయి.

నువ్వు రానన్నావని చెబితే వకీలు గారు కాగితాలు కట్టి ఇచ్చేశారు. మండల పరిషత్తులో తీర్మానం అయింది. ప్రతిపాదించింది విజయకుమారి. మే ఇరవై ఆరున పొక్లెయిన్ వచ్చింది. ఆడవాళ్ళం దిబ్బ మీద కూర్చున్నాం. పదకొండు మందిని నాగాయలంక స్టేషనుకి తీసుకెళ్ళి సాయంత్రం వదిలేశారు. మేము తిరిగి వచ్చేసరికి తూర్పు వైపు సగం లేదు. మిగిలిన సగం నాలుగు రోజుల్లో తోలేశారు. ఇప్పుడు మా గుమ్మంలో నిలబడితే సముద్రం నేరుగా కనిపిస్తుంది. మీ బావ సాయంత్రాలు అటు చూస్తూ కూర్చుంటాడు, మాట్లాడడు. ఇదివరకు మాట్లాడకపోవడం వేరు.

నోటీసుకి జవాబు రాయలేదు. భాష మెత్తగానే ఉన్నది. నిన్ను ఇంత చదివించినందుకు అది మిగిలింది.

నీ పేరు బయటికి రానివ్వొద్దన్నావు. మే నెలాఖరు దాకా రానివ్వలేదు. ఆ తరవాత చెప్పాను. ఎందుకు చెప్పానో విను. కావడి గెలిచిందని పాలెంలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. కావడి గెలిస్తే గెలిచింది రత్నమ్మ అని వాళ్ళ లెక్క. విజయకుమారి ఎవరో, ఆవిడకి ఆ గుర్తు ఎలా వెళ్ళిందో వాళ్ళకి ఎక్కలేదు. కాబట్టి దిబ్బ తవ్వించింది నేను. ఓట్లు వేయించుకుని ఆదినారాయణకి దిబ్బ అప్పజెప్పింది నేను. నా గంప దించుకోవడం మానేశారు. పంపు దగ్గర నేను వెళ్తే పక్కకి జరుగుతున్నారు. కుర్రవాళ్ళు, నా వెంట మండలాఫీసుకీ స్టేషనుకీ వచ్చిన ఆడవాళ్ళు చెప్పి చూశారు, వాళ్ళని కూడా నేను కొనేశానంటున్నారు.

మొన్న నాంచారమ్మ పెద్దమ్మ మా గుమ్మం ముందు కూర్చుని శాపనార్థాలు పెడుతూ మట్టి పోసింది. ఆవిడని నేను ఏమీ అనలేను. లోపలికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పాను. రెండు ఫారాలు, స్టాంపు, సిరా, నీ ఉత్తరం. నువ్వు రాసిన ఆ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, ఒక్క మాట మార్చలేదు. పాలెంలో నలుగురు పెద్దలు కూడా వచ్చి విన్నారు.

చదవడం అయిపోయాక ఆవిడ చేతులకంటిన మట్టిని కొంగుతో తుడుచుకున్నది. అర్థమైందనుకున్నాను. అప్పుడు లేచి, నా చేతిలో కాగితం వైపు వేలు చూపించింది.

"తోడబుట్టినోడు అట్టా చెయ్యడే. దిబ్బ అమ్ముకుంది చాలక, ఎక్కడో ఉన్నోడి మీద నువ్వే రాసుకొచ్చి చదువుతున్నావు. చదువొచ్చినదానివి కదా" అన్నది.

ఆ నలుగురూ తల ఊపారు. మీ బావ నీ రాతే అని చెప్పబోయాడు. పెళ్ళాం మాట కాకపోతే ఎవరి మాట చెబుతావని అడిగారు.

అంచేత నువ్వు భయపడాల్సింది ఏమీ లేదు. నీ మీద ఇక్కడ ఎవరికీ ఈగంత అనుమానం లేదు. రాష్ట్ర ఆఫీసులో ఉండి కూడా అక్క చేసిన పనికి తలవంచుకున్నాడు పాపం అంటున్నారు. ఎప్పుడైనా రావాలనిపిస్తే నిక్షేపంలా రా. ఏ గుమ్మంలోనైనా కాళ్ళకి నీళ్ళిచ్చి అన్నం పెడతారు.

నా గుమ్మం మాత్రం ఎక్కకు.

వెంకటరత్నమ్మ.